‘నేను’కి ఒకపూట గిన్నెలు

నేను ఈ కథ చెబుతున్నాను. అంటే నిబంధన ప్రకారం ఇవాళ మధ్యాహ్నం గిన్నెలు నేనే తోమాలి. అయ్యో, మళ్ళీ అన్నాను. రాత్రి గిన్నెలు కూడా నావే. పోనివ్వండి, కథ పూర్తయ్యేసరికి ఈ ఏడాది మిగిలిన గిన్నెలన్నీ నా వాటాకే వచ్చేలా ఉన్నాయి. అలవాటే.

నా పేరు హెప్సిబా. డిగ్రీ అయింది, బీయీడీ సీటు రాలేదు. టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్న ఒక రోజు, మా అమ్మ చర్చిలో పంచిన కరపత్రం తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

“ఏడాదిపాటు ప్రభువు పని చేసి రా. తిండీ పడకా వాళ్ళదే. ఇంకేం రాకపోయినా పొద్దున్నే లేవడం వస్తుంది” అంది. మా అమ్మ ప్రార్థనాపరురాలే గాని, ముందుచూపు కూడా ఉన్న మనిషి.

కరపత్రం మీద ‘యువతీ యువకుల సహజీవన సేవా సంవత్సరం’ అని ఉంది. లాకులపేట మిషన్ బంగళా గేటుకి కూడా అదే మాట పదడుగుల బ్యానరు మీద వేలాడుతోంది. మేం ముగ్గురాడపిల్లలం, ముగ్గురబ్బాయిలం సంచులు పట్టుకుని ఆటో దిగేసరికి పేటంతా గేటు ముందు ఉంది. ముసలమ్మలు ముందువరుసలో ఉన్నారు. ఎవరు ఎవరి పక్కన నడుస్తున్నారా అని కళ్ళు చికిలించి చూస్తున్నారు. మూడో రోజున సంఘ పెద్ద ఒకాయన వచ్చి, “అయ్యగారూ, ఈ మాటకి పేపర్లో ఏరే అర్థం రాత్తన్నారండి” అని చెవిలో చెబితే గాని, డైరెక్టరుగారు దాని మీద కాగితం అంటించి ‘సమష్టి జీవన’ అని రాయించలేదు. జూన్ నెల వానకి కాగితం ఊడిపోయింది. పేట వాళ్ళు మళ్ళీ వచ్చారు.

డైరెక్టరుగారు రెవరెండ్ డాక్టర్ కృపాసౌజన్యంగారు. ఆయన మాట్లాడితే ఉత్తరం చదివినట్టు ఉంటుంది. “పై విషయమై దైవచిత్తానుసారము తగు చర్య గైకొనబడును” అంటారు, మంచినీళ్ళు కావాలా అని అడిగితే. ఆయన కింద మమ్మల్ని చూసుకోవడానికి సిస్టర్ ప్రఫుల్లత. ఆవిడ కొడైకెనాల్లో నాలుగు రోజులు శిక్షణ పొందారు. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ ఏం నేర్చుకున్నారో మాకు పన్నెండు నెలలు నేర్పాలని కంకణం కట్టుకున్నారు.

మొదటి రోజే మాకు నిబంధనల పుస్తకం ఇచ్చారు. మొత్తం నలభై ఒకటి. సొంత వస్తువులు ఉండకూడదు. దువ్వెనా సబ్బూ ఉమ్మడివి. పంపు దగ్గర మొహం తుడుచుకునే తువ్వాలు ఇంటిమొత్తానికి ఒక్కటే. ఐక్యత అక్కడే మొదలవుతుందట.

ఐదో నిబంధన ప్రకారం ఎవరూ ‘నేను’ అనకూడదు. ‘మేము’ అనాలి, లేదా ‘మనం’ అనాలి. నోరుజారి ‘నేను’ అంటే ఒకపూట గిన్నెలు తోమాలి. కెజియా అనే అమ్మాయి మొదటి వారంలో ఒక రాత్రి, “సిస్టర్, మాకు కడుపునొప్పిగా ఉంది” అంది. సిస్టర్ ఆరుగురికీ వాము నీళ్ళు తాగించారు.

అన్నిటికన్నా పెద్దది ఏడో నిబంధన. ఏ సేవైనా ఆరుగురూ కలిసే చేయాలి, ఆరుగురూ ఏకమనస్సుతో ఒప్పుకున్నాకే చేయాలి. ఒక్కరు వెళ్ళకూడదు. దీనికో చరిత్ర ఉంది. అంతకుముందు ఏడాది ఇంకో ఊళ్ళో ఒకబ్బాయి పేట పిల్లలకి సాయంత్రం పూట లెక్కలు చెప్పాడట. ఆ ఊరివాళ్ళు సంతోషం పట్టలేక అతని బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. డైరెక్టరుగారు తనిఖీకి వెళ్ళి ఆ ఫ్లెక్సీని కిందినుంచి పైదాకా చూశారు. అందులో డైరెక్టరుగారి ఫొటో లేదు. వ్యక్తిగత సేవ గర్వానికి దారి తీస్తుందని ఆయనకి ఆ క్షణంలోనే బయలుపరచబడింది.

ఏకమనస్సు రావడానికి ‘పంచుకునే వలయం’ ఉండేది. అందరం గుండ్రంగా నేలమీద కూర్చుంటాం. మధ్యలో ఒక వస్తువు ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. కొడైకెనాల్లో అందుకు శంఖం వాడారట. మా బంగళాలో శంఖం లేదు, కాబట్టి సిస్టర్ వంటింట్లోంచి కొయ్య తెడ్డు తెచ్చారు. ఇంట్లో ఉన్నది అదొక్కటే. అందువల్ల వలయం జరుగుతున్నంతసేపూ పొయ్యి మీద అన్నం కలిపేవాళ్ళు లేరు. మా ఆత్మీయత ఎంత లోతుకి వెళ్ళిందో ఆ పూట మాడు వాసనని బట్టి చెప్పొచ్చు.

ఆ బియ్యం ఎక్కడివో కూడా చెప్పాలి. పేట ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేర ఒక పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో పోసి, ఆదివారం చర్చికి తెస్తారు. ఆ ఏడాది ఆ పిడికెళ్ళన్నీ మా బంగళాకి వచ్చాయి. కాలవగట్టు మీద కూలీ చేసుకునేవాళ్ళు మాకు తిండి పెడుతున్నారు. మేం వాళ్ళకి సేవ చేయడం ఎలాగో మాట్లాడుకుంటూ దాన్ని మాడ్చుకుంటున్నాం. 

నెల గడిచింది. మేం ఒక్క సేవా చేయలేదు.

జూలైలో ఒక సోమవారం దీవెనమ్మ వచ్చింది. బంగళాకి ఎదురిల్లే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు. నలభై ఏళ్ళు లేసు అల్లింది. ఆవిడ అల్లిన టేబుల్ గుడ్డలు ఓడలెక్కి పోయాయని పేటలో గొప్పగా చెప్పుకుంటారు. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు. గేటు తడుముకుంటూ లోపలికి వచ్చి, వరండా స్తంభానికి దణ్ణం పెట్టింది.

“వందనాలండయ్యగారూ” అంది.

“ఇటు, ఇటు” అన్నారు స్తంభం పక్కనున్న డైరెక్టరుగారు.

“ఆయ్. కంటాసుపత్రి వ్యాను నెలకోపాలి రెండో గురువారం పొద్దున్నే ఏడింటికి చర్చి గేటుకాడికి వత్తాదండి. ఊరికే ఆపరేషన్ సేత్తారు. మూడో రోజుకి దింపేత్తారు. కాకపోతే తోడు మనిషి లేందే ఎక్కించుకోరండి. నాకెవరున్నారు? సేవ సేయడానికి పిల్లలొచ్చారన్నారు గదా, ఒక్క మనిషిని పంపుతారేటని. పోయిన్నెల్లో అల్లిన లేసంతా తిప్పి పంపేశాడండి ఆ ఏజెంటు. కన్నాలు వత్తన్నాయంట. ఆ సూది లేకపోతే నేను పొద్దుట్నించీ సాయంత్రందాకా ఏం సేసుకోనండీ?”

“నేను వెళ్తాను” అన్నాను.

సిస్టర్ ప్రఫుల్లత కళ్ళు మూసుకుని, వేలితో వంటింటివైపు చూపించారు. ఆ పూట గిన్నెలు తోమాను.

సాయంత్రం వలయం కూర్చుంది. తెడ్డు నా దగ్గరికి వచ్చింది. “మనలో ఎవరో ఒకరం దీవెనమ్మగారితో వెళ్దామని మాకు అనిపిస్తోంది” అన్నాను, ఒళ్ళు దగ్గర పెట్టుకుని. కెజియా తెడ్డు పట్టుకుని ఏడ్చింది. ఎందుకేడ్చిందో చెప్పలేదు గాని, ఒప్పుకున్నట్టే లెక్క రాశారు. బెనయా సరేనన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. చివరికి ఇర్మియా చేతికి వచ్చింది. ఇర్మియా ఇంజనీరింగ్ చదివాడు. తెడ్డుని గుండెలకి ఆనించుకుని, పావుగంట కళ్ళు మూసుకున్నాడు.

“మాకింకా నడిపింపు రాలేదు” అన్నాడు.

దేవుడి దగ్గర్నుంచి ఇర్మియాకి నడిపింపు రావడం ఎప్పుడూ ఆలస్యమే. కూరలో ఉప్పు వెయ్యాలా వద్దా అన్నదానికి కూడా రెండు రోజులు పట్టేది. బుధవారం నాటికి వచ్చింది, అదీ ఇంకో మెలికతో. ఆరుగురం కలిసే వెళ్ళాలని ఏడో నిబంధన చెబుతోంది కదా, ఒక్కరు వెళ్తే ఎలా?

గురువారం వ్యాను వచ్చి, దీవెనమ్మ లేకుండా వెళ్ళిపోయింది. డైరెక్టరుగారు మాత్రం ఊరుకోలేదు. ఆసుపత్రికి ఉత్తరం రాశారు. ‘మా సమష్టి జీవన విధానమును అనుసరించి, రోగి ఒకరికి తోడుగా ఆరుగురు సేవకులను అనుమతించవలెనని ప్రార్థన.’

ఆగస్టు మొదట్లో జవాబు వచ్చింది. రోగి ఒకరికి తోడు ఒకరే. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

దాన్ని చేత్తో పట్టుకుని డైరెక్టరుగారు వరండాలో అటూ ఇటూ తిరిగారు. ఉన్నట్టుండి ఆగి, మావైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది.

“ఒకరికి ఒకరు. అనగా ఆరుగురికి ఆరుగురు! మనకు కావలసినది ఆరుగురు రోగులు!”

వాదన ఎక్కడా తప్పు లేదు. అదే బాధ.

మర్నాటి నుంచి ఆరుగురం పేటలో గడప గడపకీ వెళ్ళాం. “వందనాలండీ, మీ ఇంట్లో శుక్లాలున్నాయా?” అని అడిగాం. కొంతమంది లోపలికి వెళ్ళి చూసొచ్చి, “లేవమ్మా, సంతకి ఎల్లలేదు” అన్నారు. మూడు వారాలకి దీవెనమ్మతో కలిపి నలుగురు తేలారు. ఈలోగా రెండో వ్యాను వచ్చి వెళ్ళింది. నలుగురికి నలుగురం వెళ్తామన్నాను. మిగతా ఇద్దరూ ఐక్యత నుంచి జారిపోతారన్నారు సిస్టర్.

ఇంకో ఇద్దరికి శుక్లాలు ఉన్నాయి గాని ముదరలేదు. తాపీ మేస్త్రీ యాకోబు కన్ను ఒకటి, బడిలో గంట కొట్టే ఆయన కన్ను ఒకటి. ఇంకా టైముందన్నారు డాక్టర్లు. ఆ రెండూ ముదిరితే తప్ప మా సేవ మొదలవదు. సహజంగానే విషయం ప్రార్థన మనవుల పట్టీలోకి ఎక్కింది.

ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది. సాటిమనిషి కన్ను పాడవ్వాలని ప్రార్థించొచ్చా? తెడ్డు మూడు రోజులు తిరిగింది. మూడు రోజులూ అన్నం మాడింది. చివరికి డైరెక్టరుగారు లిఖితపూర్వకంగా తేల్చారు: ‘తగిన కాలమందు తగిన పరిపక్వత కొరకు ప్రార్థించవలెను. కన్ను అను మాటను గాని, శుక్లము అను మాటను గాని ఉచ్చరించరాదు. ప్రభువునకు తెలియును.’

ప్రభువుకి తెలిసిందో లేదో గాని, యాకోబు మేస్త్రీకి తెలిసింది. తాపీ చేత్తో పట్టుకుని గేట్లోకి వచ్చాడు.

“ఏవండీ, నా కన్ను పోవాలని మోకాళ్ళేసి ప్రార్థన సేత్తన్నారంటగా?”

“అపార్థము, బ్రదర్. పరిపక్వత కొరకు” అన్నారు డైరెక్టరుగారు.

“పరిపక్వతేటండి? నేనేవన్నా మావిడికాయనా? మా ఆవిడ పిడికెడు బియ్యం పోత్తంది మీకు. ఆదివారం నుంచి పొయ్యదు, రాసుకోండి!”

సెప్టెంబరు మొదటి వారంలో యాకోబు గోడకి ఇటుక పెట్టబోయి గాలిలో పెట్టాడు. కింద పడ్డ ఇటుక వైపు కాసేపు చూసి, ఆసుపత్రికి వెళ్ళాడు. ముదిరిందన్నారు. గంటాయనకీ అదే మాట చెప్పారు. బంగళాలో స్తోత్రాలు మిన్నంటాయి. కృతజ్ఞత కూడిక పెట్టి కేసరి పంచారు. యాకోబు ఆ కేసరి తిన్లేదు.

రెండో గురువారానికి అంతా సిద్ధం. ఆరుగురు రోగులు, ఆరుగురు సేవకులు. చర్చి గేటు దగ్గర రిబ్బన్ కట్టారు. వ్యానుకి డైరెక్టరుగారు జెండా ఊపుతారు. ఈసారి ఫ్లెక్సీ నిండా ఆయన ఫొటోయే ఉంది. మేం ఆరుగురం చిన్న చిన్న గుండ్రాల్లో కింద ఉన్నాం, ఎవరు ఎవరో తెలియకుండా. దీవెనమ్మ మూడు రోజుల ముందే సంచి సర్దుకుంది. ఒక చీర, ఒక గ్లాసు, లేసు సూది. సూది ఎందుకని అడిగితే, “కట్టిప్పగానే సూసుకోవద్దేటే” అంది.

మంగళవారం పొద్దున కెజియా లేచేసరికి కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంది. తర్వాత బెనయా తుడుచుకున్నాడు. తర్వాత నేను తుడుచుకున్నాను. చెప్పానుగా, ఇంటిమొత్తానికి ఒక్కటే తువ్వాలు. గురువారం నాటికి ఆరుగురికీ కళ్ళకలక. సిస్టర్‌కి కూడా. మా ఐక్యత సంపూర్ణమైంది.

వ్యాను డ్రైవరు గేటు దగ్గరే ఆగి, “ఆ మందని ఎక్కిత్తే రేపు ఆసుపత్రంతా అంటుకుంటది బాబో” అని చేతులడ్డం పెట్టాడు. మిగతా ఐదుగురు రోగులకీ ఇంట్లో మనుషులున్నారు. కొడుకో కూతురో గబగబా చీర మార్చుకునో చొక్కా తగిలించుకునో ఎక్కేశారు. యాకోబు వెనక ఆయన భార్య ఎక్కింది. ఎక్కుతూ మా వైపు చూసిన చూపు నాకు ఆ వాచిన కళ్ళతో కూడా స్పష్టంగా కనపడింది.

దీవెనమ్మ సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. వ్యానులో వచ్చిన కళ్ళ పరీక్ష చేసే అమ్మాయి ఆవిడ గడ్డం పట్టుకుని టార్చి వేసి చూసింది.

“మామ్మగారూ, ఇది బాగా ముదిరిపోయిందండి. వచ్చే నెల దాటితే లోపల నరం దెబ్బతింటుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా చూపు రాదు” అంది.

“అలాగేనమ్మా” అంది దీవెనమ్మ. వ్యాను చప్పుడు దూరమయ్యేదాకా అక్కడే ఉంది.

బంగళా వరండాలో ఆరుగురం వరసగా చాపల మీద పడుకుని మూలుగుతున్నాం. పేటలో ఎవరూ లోపలికి రావడం లేదు. కలక కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని భయం. కాసేపటికి తడుముకుంటూ దీవెనమ్మ వచ్చింది. కొంగులో నందివర్ధనం పూలు, చేతిలో గంజి గిన్నె.

“నాకు మీ కళ్ళు కనపడవు గదమ్మా, నాకేటి భయం?” అంటూ ఒక్కొక్కళ్ళ మొహం వేళ్ళతో వెతుక్కుని, రెప్పల మీద చల్లగా పువ్వులు పెట్టింది. గంజి తాగించింది. ఏడాది సేవకి వచ్చిన ఆరుగురు పడుచువాళ్ళకి, కళ్ళు లేని ముసలావిడ వారం రోజులు సేవ చేసింది. ఆ గంజిలో బియ్యం ఆవిడ పిడికెట్లోవే. నాకు సిగ్గేసింది. పువ్వుల కింద కళ్ళు మండుతుంటే అది కలక మంటే అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

అక్టోబరు వచ్చింది. మళ్ళీ వలయం. ఆ నెల దాటితే ఆవిడ కన్ను పోతుందని తెడ్డు పట్టుకుని చెప్పాను. ‘మాకు’ భయంగా ఉందని చెప్పాను.

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. “సిస్టర్ దీవెనమ్మగారి విషయము మన హృదయములకు దగ్గరగా నున్నది. అయితే పూర్వపు ఐదుగురికి చికిత్స జరిగిపోయినందున, నూతనముగా ఐదుగురిని గుర్తించవలసి యున్నది. సర్వే తిరిగి ప్రారంభించెదము.”

“అయ్యగారూ, అప్పటికి ఆవిడ—”

“తెడ్డు, సిస్టర్” అన్నారు ప్రఫుల్లతగారు మెల్లగా. అప్పటికే అది ఇర్మియా చేతిలోకి వెళ్ళిపోయింది. ఇర్మియా కళ్ళు మూసుకున్నాడు. అతనికి నడిపింపు రాలేదు.

గురువారం పొద్దున్న ఆరున్నరకి బట్టల సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. తెడ్డు గోడకి వేలాడుతోంది. తీసి సంచిలో పెట్టుకున్నాను. తెడ్డు లేకపోతే సమావేశం లేదు. సమావేశం లేకపోతే నన్ను ఆపాలని తీర్మానం లేదు. నిబంధనలు నా అంత బాగా చదివినవాళ్ళు ఆ బంగళాలో ఇంకొకరు లేరు.

వ్యానులో దీవెనమ్మ నా చెయ్యి వదల్లేదు. “వాళ్ళు ఒప్పుకున్నారేటే?” అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కిటికీలోంచి బయటికి చూశాను.

ఆసుపత్రి కౌంటరు దగ్గర నర్సమ్మ తల ఎత్తకుండా పెద్ద పుస్తకంలో రాసుకుంటోంది.

“పేషెంటు పేరు?”

“దీవెనమ్మ.”

“తోడు ఎవరు?”

“మేము” అన్నాను. ఐదు నెలల అలవాటు.

నర్సమ్మ తల ఎత్తింది. నా వెనక్కి చూసింది. నా వెనక ఎవరూ లేరు. “మేమంటే ఎంతమందమ్మా? పాసు ఒక్కళ్ళకే ఇస్తాం. తోడు ఎవరు?”

నోరు తెరిచాను. గిన్నెలు గుర్తొచ్చాయి, సిస్టర్ మూసుకున్న కళ్ళు గుర్తొచ్చాయి. దీవెనమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది, మళ్ళీ వెనక్కి పంపేస్తారేమోనని.

“నేను” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. “నేనండి. నేనే.”

మర్నాడు కుడికంటికి ఆపరేషన్ అయింది. ఆ పై రోజు పొద్దున కట్టు విప్పారు. దీవెనమ్మ కన్ను టపటపలాడించి, ముందు గోడని చూసింది, తర్వాత కిటికీని, తర్వాత నన్ను. చాలాసేపు చూసింది.

“ఇంత బక్కగా ఉన్నావేంటే! ఆ గొంతుకి నువ్వు దిట్టంగా ఉంటావనుకున్నా” అంది. అని, సంచిలో చెయ్యి పెట్టి సూది బయటికి తీసింది. దాని కొస కొక్కేన్ని వెలుగుకి ఎత్తి చూసుకుని, భోరున ఏడవబోతే నర్సమ్మ వచ్చి కంట్లో నీళ్ళు పెట్టకూడదని కసిరింది. ఇద్దరం నవ్వేశాం. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అది గర్వమే అయితే, కానివ్వండి.

శనివారం మధ్యాహ్నం బంగళాకి వచ్చేసరికి వలయం సిద్ధంగా ఉంది, మధ్యలో ఖాళీగా. తెడ్డు తీసి అక్కడ పెట్టాను. అది లేని రెండు రోజులూ సమావేశం జరగలేదట. ఏం చేయాలో తోచక బెనయా పేటలో చెడిపోయిన బోరింగు బాగుచేశాడు. కెజియా ఎవరి పిల్లలకో ఎక్కాలు చెప్పింది. తీర్మానం లేదు కాబట్టి అవి సేవ కిందికి రావన్నారు సిస్టర్.

డైరెక్టరుగారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. కోపంగా లేరు. నాకు అందుకే భయం వేసింది.

“ప్రధాన కార్యాలయమునకు అర్ధసంవత్సర నివేదిక పంపవలసి యున్నది. ‘జరిగిన సేవలు’ అను గడి ఖాళీగా నున్నది. కావున ఇట్లు తీర్మానించుచున్నాము. ‘మా ఆరుగురు సేవకులు ఏకమనస్సుతో సిస్టర్ దీవెనమ్మగారిని ఆసుపత్రికి తోడ్కొనిపోయి చూపు కలుగజేసిరి.’ దీనికి సాక్ష్యముగా సిస్టర్‌గారిని పిలిపించితిమి.”

దీవెనమ్మ నల్లద్దాలు పెట్టుకుని లోపలికి వచ్చింది. ఈసారి స్తంభానికి కాకుండా సరిగ్గా డైరెక్టరుగారికే దణ్ణం పెట్టింది. సిస్టర్ ఆవిడ చేతికి తెడ్డు ఇచ్చారు.

“ఇదేటండి, అన్నం ఒడ్డించాలా?”

“సాక్ష్యము చెప్పవలెను.”

దీవెనమ్మ అద్దాల పైనుంచి ఆరుగురి మొహాలూ ఒకటొకటిగా చూసింది.

“నేనడిగింది ఒక్క మనిషినండయ్యగారూ. తవరు ఆరుగురిని ఇత్తానన్నారు. మూడు నెలలు ఎదురుసూశాను. ఆరుగురూ కలిసి రాలేకపోయేరు పాపం. ఒక్కత్తి వచ్చింది. అది సాలిందండి నాకు.”

డైరెక్టరుగారు కాగితం వంక చూసుకున్నారు. అందులో ఇమడని వాక్యాలు ఆయనకి వినపడవు. “సంతోషము. ఇక తీర్మానమునకు ఏకగ్రీవ ఆమోదము” అన్నారు.

తెడ్డు ఒక్కొక్కరి చేతిలోంచీ వచ్చింది. అందరూ తలలు వంచుకుని సరేనన్నారు. చివరికి నా దగ్గరికి వచ్చింది. దాన్ని గుండెలకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. పావుగంట తీరిగ్గా మూసుకున్నాను.

“మాకింకా నడిపింపు రాలేదు” అన్నాను.

ఆ గడి ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది. నన్ను పంపించేద్దామని చూశారు గాని, దానికీ ఏకమనస్సు కావాలట, నేను ఒప్పుకోలేదు. శిక్ష మాత్రం తప్పలేదు. ఆసుపత్రిలో ఐదో నిబంధన, దారిలో ఏడో నిబంధన, పైగా తెడ్డు అపహరణ. నెల రోజుల గిన్నెలు.

ఆ సాయంత్రమే పంపు దగ్గర కూర్చున్నాను. దీవెనమ్మ గేటు తెరుచుకుని వచ్చి, ఆసుపత్రి వాళ్ళు నీళ్ళలో చెయ్యి పెట్టొద్దన్నారని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఇర్మియా వచ్చాడు. నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. నేను తోముతూనే ఉన్నాను.

“దీవెనమ్మగారి ఎడమకంటికి వచ్చే నెలట కదా” అన్నాడు.

“ఆయ్, రెండో గురువారం బాబూ” అంది ఆవిడ.

ఇర్మియా బంగళావైపు ఒకసారి చూశాడు. వరండాలో సిస్టర్ ఉన్నారు.

“ఈసారి తోడు నేను వస్తానండి” అన్నాడు.

వరండాలో సిస్టర్ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ వేలు లేవకముందే, ఇర్మియా చొక్కా చేతులు పైకి మడుచుకుని, నా పక్కన చతికిలబడి పీచు అందుకున్నాడు. ఇంజనీరుకి గిన్నె తోమడం రాదు. బూడిద ఎక్కువ, నీళ్ళు తక్కువ. తోమిన పళ్ళెం పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు.

దీవెనమ్మ ఆ పళ్ళేన్ని అందుకుని, అద్దాలు పైకెత్తి, పొద్దువాలే వెలుగుకి అటూ ఇటూ తిప్పింది. అంచు దగ్గర గోరు పెట్టి గీకింది.

“ఇదిగో, మెతుకు” అని పళ్ళెం తిరిగి ఇర్మియా చేతిలో పెట్టింది. “మళ్ళీ తోము.”